శ్రీరస్తు విరగకుండా కదిలింది

నాన్న షష్టిపూర్తి వీడియోకి టైటిల్ నిన్న రాత్రి రెండర్ అయింది, అంటే కంప్యూటర్ దాన్ని వీడియోగా తయారుచేసి ఇచ్చింది. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. ఒక్కో అక్షరం కింద నుంచి తేలుతూ వచ్చి తన చోట నిలబడుతోంది. ఏ ఒత్తూ అక్షరాన్ని వదిలి పోవడం లేదు, ఏ గుడీ చెదరడం లేదు. పడ్డ అవస్థ ఇంకా మనసులో మండుతోంది కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

ఫొటోలు ఏరడం, స్కాన్ చేయడం, పాటలు కలపడం గురించి చెప్పేదేం లేదు. కాస్త ఓపికుంటే ఎవరైనా చేసుకుంటారు.

మొదట పని మొత్తం రాజమండ్రిలో ఒక ఎడిటింగ్ ల్యాబ్‌కి అప్పగించాం. శాంపిల్ చూసుకోమని పిలిస్తే నాన్నని వెంటబెట్టుకుని వెళ్లాను. నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండిట్. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి పిల్లల చేత గుణింతాలూ ఒత్తులూ దిద్దిస్తూనే ఉన్నారు. ఆయన ఎదురుగా పెద్ద మానిటర్ మీద మొదటి మాట వచ్చింది: శ్‌రీరస్‌తు. శ మీద పొల్లు, పక్కన విడిగా రీ. స మీద పొల్లు, పక్కన తు. బంగారు రంగు త్రీడీ పూత పూసి, గిరగిరా తిప్పుతూ దింపారు. అవిఘ్నమస్తు దగ్గరకొచ్చేసరికి ఘ్ ఒక మూల నుంచీ న ఇంకో మూల నుంచీ వచ్చి పక్కపక్కన నిలబడ్డాయి.

"అది శ్రీ కాదు బాబూ" అన్నారు నాన్న.

"తెలుగంటే అంతే మాస్టారూ, ఒత్తులకి యానిమేషన్ పట్టదు" అని, ఆ అబ్బాయి నా వైపు తిరిగి, "ఇంగ్లీషులో కొట్టించుకోండి మేడమ్, క్లాస్‌గా ఉంటుంది. ఈ రోజుల్లో తెలుగు ఎవరు చదువుతున్నారు" అన్నాడు. ఆ మాట అన్నది ఎవరి ముందో అతనికి తెలుసు. ఆల్బమ్ కోసం వచ్చిన పెళ్లివాళ్లు వెనక కుర్చీల్లో ఉన్నారు. వాళ్లలో ఒకాయన నవ్వాడు కూడా. నాన్న మారు మాట్లాడకుండా లేచి బయటికెళ్లి చెప్పులు వేసుకున్నారు. నేను మాత్రం గట్టిగా అడిగాను. అప్పుడు, సరే, "అను" అనే పేరున్న ఫాంట్లో కొట్టి చూపిస్తానన్నాడు.

డీటీపీ వాళ్లు ఏళ్ల తరబడి వాడుతున్న ఫాంట్లే అవి. అందులో తెలుగు ముక్కలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. శుభలేఖ మీద అచ్చు వేస్తే చక్కగా కనబడతాయి, ఎందుకంటే అచ్చు కదలదు. వీడియోలో అక్షరాల్ని ఒకదాని వెనక ఒకటి రప్పించేసరికి ఒత్తు ముందొచ్చి అక్షరం కోసం ఎదురు చూసింది. పైగా ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ప్రాజెక్టు తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు గుర్తులే కనిపిస్తాయి. ఇక చాలని వచ్చేశాం. అడ్వాన్సు వెనక్కి ఇవ్వలేదు. కాబట్టి ఎవరికైనా నేను చెప్పేది ఒకటే: పైసా ఇవ్వకముందే ఆ కంప్యూటర్లో "శ్రీ" కొట్టి, కదిలించి చూపించమనండి.

అసలు ఎందుకు విరుగుతోందో తెలుసుకోకుండా వదలకూడదనిపించింది. మనకి శ్రీ ఒక్క అక్షరం. కంప్యూటర్లు అక్షరాల్ని దాచుకునే సంకేతాల పద్ధతి యూనికోడ్‌లో అది నాలుగు సంకేతాలు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. స్త్రీ అయితే ఆరు. ఈ సంకేతాల్ని కలిపి, ర ని ఒత్తుగా మార్చి, ఒకే రూపంగా పేర్చే పని సాఫ్ట్‌వేర్‌ది. పేర్చడం చేతకాని సాఫ్ట్‌వేర్ పొల్లుని పొల్లుగానే చూపిస్తుంది. కొన్ని పేర్చగలవు, కానీ అక్షరాలవారీగా కదిలించమంటే మళ్లీ సంకేతాలవారీగా విడగొట్టేస్తాయి. అంటే లోపం ఒత్తులో లేదు. 2018 ఫిబ్రవరిలో జ్ఞ తో కూడిన ఒక తెలుగు అక్షర వరస వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయని పత్రికలన్నీ రాశాయి. ఆపిల్ వాళ్లు తెలుగు మానుకోమనలేదు, ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసుకున్నారు. మన ఊళ్లో మన డబ్బు తీసుకునేవాళ్లు మాత్రం మన భాషని మానుకోమంటారు. కోట్లమంది రోజూ రాసుకునే లిపిని పట్టుకుని "అంతే" అనడానికి నోరెలా వస్తుందో నాకు అర్థం కాదు.

వీడియో ఎడిటింగ్‌కి ప్రీమియర్ ప్రో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి దారి చిన్నదే. ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ దగ్గర టెక్స్ట్ ఇంజిన్ ఉంటుంది, దాన్ని "సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్" చేయాలి. టైటిళ్లు కదిలించే సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో అయితే రేంజ్ సెలెక్టర్ అడ్వాన్స్‌డ్‌లో "బేస్డ్ ఆన్" అని ఉంటుంది, అక్కడ క్యారెక్టర్స్ తీసేసి వర్డ్స్ పెడితే మాట మొత్తం ఒకేసారి కదులుతుంది. తొందరగా అయిపోవాలంటే అది చాలు.

నాకు అక్షరం అక్షరం రావాలి. అందుకని ఉచితంగా దొరికేవి రెండు దింపుకున్నాను: బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్, వీడియో ఎడిట్ చేసే కేడెన్‌లైవ్. ఇంక్‌స్కేప్‌లో తెలుగు తప్పు లేకుండా పేర్చుకుంటుంది. వీడియో కొలతకి, అంటే 1920 × 1080 కి పేజీ పెట్టి, రామభద్ర ఫాంట్లో మూడు మాటలూ కొట్టి, పాత్ మెనూలో "ఆబ్జెక్ట్ టు పాత్" నొక్కాను. అప్పటి నుంచి అవి అక్షరాలు కావు, బొమ్మలు. విడగొట్టేవాడు లేడు. ఒత్తు వేరే ముక్కగా ఉంటే దాన్నీ అసలు అక్షరాన్నీ కలిపి ఎంచుకుని కంట్రోల్ జీ కొడితే ఒకే గుంపు అవుతుంది. శ్రీ, ర, స్తు. శు, భ, మ, స్తు. అ, వి, ఘ్న, మ, స్తు. మొత్తం 12. నాన్న పక్కన కూర్చుని ఎక్కడ తెంచాలో ఆయనే చెప్పారు.

ఒక్కోదాన్ని ఒక్కో లేయర్లో పెట్టి, మిగతావి దాచి, వెనక రంగు లేని పారదర్శకమైన పీఎన్‌జీ బొమ్మగా ఎక్స్‌పోర్ట్ చేయాలి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు "పేజ్" ఎంచుకోవాలి, "సెలెక్షన్" కాదు. పేజీ ఎంచుకుంటే ప్రతి అక్షరం తన స్థానంతో సహా వస్తుంది, వీడియోలో మళ్లీ కొలిచి అమర్చే పని ఉండదు. ఈ ఒక్క సంగతి ఏ ట్యుటోరియల్ అబ్బాయీ చెప్పలేదు, నేనే కనుక్కున్నాను.

కేడెన్‌లైవ్‌లో 12 ట్రాకులు వేసి, ఒక్కోదాంట్లో ఒక్కో అక్షరం పెట్టి, ట్రాన్స్‌ఫార్మ్ ఎఫెక్ట్‌లో రెండేసి కీఫ్రేములు, అంటే కదలిక మొదలుకీ చివరికీ గుర్తులు ఇచ్చాను: మొదటిది కాస్త కింద, కనబడకుండా, రెండోది తన చోట, పూర్తిగా కనబడుతూ. లీనియర్‌గా వదిలేస్తే అక్షరం టక్కున ఆగుతుంది, స్మూత్ పెడితే మెల్లగా కుదురుకుంటుంది. ఒక్కో అక్షరానికీ 5 ఫ్రేముల ఎడం. సెకనుకి 25 ఫ్రేములు కాబట్టి చివరి స్తు బయల్దేరేసరికి రెండు సెకన్లు దాటుతుంది. అన్నీ వచ్చాక కదలిక ఆపేసి, పెద్దవాళ్లు రెండుసార్లు పైకి చదువుకునేంతసేపు ఉంచండి. చదవనివ్వకుండా పరుగెత్తించే టైటిల్ దండగ.

వరసల మధ్య ఎడం ఇంగ్లీషుకి ఇచ్చినదానికంటే ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద పడతాయి. త్రీడీ పూతలు, మెరుపులు వద్దు. ఘ్న లాంటి అక్షరంలో ఉన్న చిన్న ఖాళీలు పూడిపోయి ముద్దలా కనబడుతుంది. మెరూన్ మీద పసుపు పెట్టాను, మా చుట్టాల ఫంక్షన్లలో ఇంత శుభ్రంగా ఏ టైటిలూ రాలేదు. ఫంక్షన్ హాల్లో ఎల్ఈడీ స్క్రీన్ అతను ఫైలు వాట్సాప్‌లో వీడియోగా పంపమన్నాడు. పంపకండి, సైజు తగ్గించేస్తుంది. పెన్ డ్రైవ్‌లో తీసుకెళ్లి, ముందురోజే వేయించి చూసుకోండి.

నాన్న ఇందాకే చూశారు. అవిఘ్నమస్తు లో ఘ్న దగ్గర చదివే ఊపు ఆగుతోందన్నారు. అక్కడి ఎడం 5 నుంచి 3 ఫ్రేములకి తగ్గించి మళ్లీ రెండర్‌కి పెట్టాను.