ఏ మూల కోస్తోంది, ఏ మూల కోయడం లేదు

"మందు అడిగితే జాతకం అడుగుతావేంది బావా?" అని ఒంగోలు నుంచి మా బావమరిది ఫోనులో విసుక్కున్నాడు. పెళ్లిళ్లకు నేమ్ బోర్డులు, బడులకు షీల్డులు, గృహప్రవేశాలకు రిటర్న్ గిఫ్టులు చేసి ఇచ్చే చిన్న దుకాణం వాడికి కర్నూలు రోడ్డులో ఉంది. చెన్నైలో ఎవరో వ్యాపారం ఎత్తేస్తుంటే వాళ్ల లేజర్ మెషీనును సెకండ్ హ్యాండులో కొని, లారీలో వేయించి తెచ్చుకున్నాడు. దిగిన రోజు నుంచీ అది 5 మిల్లీమీటర్ల అక్రిలిక్ షీటును సగం కోసి సగం వదిలేస్తోంది. నేను షార్జాలో చేసేది ఇదే పని గనుక నన్ను అడిగాడు. ఏ మూల కోస్తోంది, ఏ మూల కోయడం లేదు, పొద్దున ఎలా ఉంటోంది, మధ్యాహ్నం ఎలా ఉంటోంది, మెషీనును చల్లబరిచే నీళ్ల వేడి ఎంత, లెన్స్ తుడిచి ఎన్నాళ్లయింది అని నేను వరుసగా అడగడం మొదలుపెట్టాను. వాడికి కావలసినవి పవర్ ఎంత పెట్టాలి, స్పీడ్ ఎంత పెట్టాలి అనే రెండు అంకెలు మాత్రమే. "గల్ఫ్‌కు పోయినాక నువ్వు కూడా ఆఫీసర్ మాదిరి మాట్లాడుతున్నావు" అని ఫోను పెట్టేశాడు.

ఆ మాట నాకు గుచ్చుకోవడానికి కారణం ఉంది. ఇక్కడికి వచ్చిన కొత్తలో మా ఫోర్‌మన్ గురించి నేనూ అచ్చం ఇదే మాట అనుకొనేవాణ్ణి.

మాది చీమకుర్తి. మా నాన్న గ్రానైట్ ఫ్యాక్టరీలో రాయి కోసే మెషీను మీద పనిచేసేవాడు. నేను షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో బోర్డులు తయారుచేసే కంపెనీలో చేరాను, వీసాలో మాత్రం హెల్పర్ అని ఉంటుంది. మా కంపెనీ కూడా మూతపడిన వేరొక దుకాణం నుంచి పాత లేజర్ మెషీనునే కొన్నది. దాన్ని దారికి తెచ్చే పని ఫోర్‌మన్‌ది, ఆయన చెప్పినట్టు చేసే పని నాది. ఆయనది ఫిలిప్పీన్స్. చేతికి గుడ్డ, పక్కన ఒక నోటు పుస్తకం లేకుండా మెషీను మూత తెరవనిచ్చేవాడు కాదు. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చాక అదే షీటు మీద అదే గీత కోసి, ఆ ముక్క వెనక తేదీ, పవర్, స్పీడ్ రాసి పెట్టాలి. కిరణం పుట్టించే గాజు ట్యూబు బలహీనపడిందేమోనని ఎవరైనా అంటే ఆయన సమాధానం ఎప్పుడూ ఒకటే: "ఉండవచ్చు. చివర్న చూద్దాం. ముందు లెన్స్ తీయి."

ఆ లెన్స్‌ను తీసి చూస్తేనే సగం జబ్బు బయటపడుతుంది. జింక్ సెలనైడ్‌తో చేసిన ఆ లెన్స్ పసుపు రంగులో, రూపాయి బిళ్లకన్నా చిన్నదిగా ఉంటుంది. చెక్కపొడిని జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్ పలకలు కోసినప్పుడు లేచే జిగురు పొగ దాని మీద పేరుకుంటే, కిరణంలో కొంత భాగం అక్కడే వేడిగా మారిపోయి లెన్స్‌నే కాలుస్తుంది. దూది పుల్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది, అదిమి రుద్దకుండా, మధ్య నుంచి అంచుకు తుడవాలి. తిరిగి పెట్టేటప్పుడు ఉబ్బెత్తు వైపు పైకి, చదును వైపు షీటు వైపుకు ఉండాలి. పాత మెషీనును అమ్మేవాళ్లు చివరిసారి తుడిచి తలకిందులుగా బిగించిన లెన్స్‌లు తక్కువేమీ కావని ఫోర్‌మన్ అనేవాడు.

ఇక మూలల సంగతి. వెనక పడుకోబెట్టిన గాజు ట్యూబులో పుట్టిన కిరణం నేరుగా షీటు మీదికి రాదు. ఎడమ వెనక మూలలో కదలకుండా ఉండే మొదటి అద్దం మీద, ముందుకూ వెనక్కూ నడిచే గ్యాంట్రీ అనే అడ్డ కడ్డీ చివరనున్న రెండో అద్దం మీద, ఆ కడ్డీ మీద కదులుతూ లెన్స్‌ను మోసే తల మీదున్న మూడో అద్దం మీద పడి, అప్పుడు లెన్స్‌లోకి దిగుతుంది. తల ఎడమ వెనక మూలలో ఉన్నప్పుడు ఈ దారి పొట్టి, కుడి ముందు మూలకు వచ్చేసరికి పొడుగు. అద్దం వెంట్రుకవాసి పక్కకు తిరిగినా దగ్గర మూలలో తేడా తెలియదు, దూరం మూలలో కిరణం అద్దం అంచుకు తగిలి సగానికి సగం పోతుంది. అందువల్ల ఒక మూల కోసి ఒక మూల కోయకపోతే అది అద్దాల తప్పు, ఏ మూలలోనూ సరిగా కోయకపోతే అది లెన్స్, ఫోకస్, నీళ్లు, ట్యూబులలో ఒకదాని తప్పు. పవర్ పెంచితే ఈ రెండింటికీ తేడా తెలియకుండా పోతుంది, పైగా తయారీదారు చెప్పిన మిల్లీ యాంపియర్లు దాటించిన ట్యూబు అదనంగా వెలుగునివ్వదు, తొందరగా చచ్చిపోతుంది.

ఈ కిరణం 10.6 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యంతో కంటికి కనిపించకుండా పోతుంది కాబట్టి, అద్దాలు సరిచేసేటప్పుడు వాటి ముందు కాగితపు టేపు అంటించి, ఒక్క క్షణం కాల్చి, పడిన మచ్చను చూసి దారి తెలుసుకోవాలి. (ఈ కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో తయారుచేసిన కుమార్ పటేల్ మహారాష్ట్రలోని బారామతిలో పుట్టినవాడు. మనవాళ్లకు పద్ధతి తెలియదని ఎవరైనా అన్నప్పుడు ఈ పేరు నాకు తప్పకుండా గుర్తుకొస్తుంది. ఆయన కూడా పరాయి దేశం వెళ్లి పనిచేసినవాడే కదా!)

నాకు ఫోర్‌మన్ మీద కోపం వచ్చింది మాత్రం ట్యూబు చుట్టూ తిరిగి దాన్ని చల్లబరిచే నీళ్ల దగ్గర. అద్దాలు సరిచేశాక మా మెషీను పొద్దున చక్కగా కోసేది, మధ్యాహ్నమయ్యేసరికి అదే షీటు, అదే స్పీడ్ మీద గీత పైసగం గాజులా నున్నగానూ కిందిసగం గరుగ్గానూ వచ్చి, ముక్క ఊడకుండా వేలాడేది. రాయి కోసే బ్లేడు మీద నీళ్లు పలచబడితే ఏమవుతుందో చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి గనుక, ఇది నీళ్ల వేడి అని మొదటి రోజే చెప్పాను. ఆ నీళ్లను చల్లబరచడానికి దానికి ఉన్న సీడబ్ల్యూ-3000 అనే చిల్లర్‌లో ఉన్నవి ఫ్యాను, రేడియేటర్ మాత్రమే, కంప్రెసర్ లేదు. గదిలో ఎంత వేడి ఉంటే నీళ్లు అంతకన్నా కిందికి దిగవు. ఈ గాజు ట్యూబులకు నీళ్లు 15 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలి, వేడెక్కేకొద్దీ కిరణం బలం తగ్గుతుంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని ఈ దేశంలో నిబంధన ఉంది, కాని రేకుల షెడ్డు లోపలి పనికి అది వర్తించదు. ఆ షెడ్డులో నీళ్లు చల్లగా ఎలా ఉంటాయని అడిగితే ఫోర్‌మన్ నా మాట కాదనలేదు, అవుననీ అనలేదు. థర్మామీటర్ చేతికిచ్చి, గంటకోసారి వేడి రాసి, పక్కనే ఆ గంటలో కోసిన ముక్క అంటించమన్నాడు.

నాకు అది అవమానంగా తోచింది. ఉదయగిరి నుంచి వచ్చిన ఒక అన్న మాతో ఉండేవాడు. వాళ్ల ఇంట్లో తరతరాలుగా చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే పని. కొయ్య ముక్కను చేత్తో తిప్పి చూసి, ఏ వైపు పగులుతుందో చెప్పగల మనిషి. "మనం చెప్తే నమ్మరబ్బా, కాగితం చెప్తే నమ్ముతారు" అని ఆ అన్న నవ్వేవాడు. నేను నవ్వలేకపోయాను. చీమకుర్తిలో బ్లేడు చప్పుడు మారితే మా నాన్న ఇంటి మాటల మధ్యలో ఆగిపోయి చెవి రిక్కించేవాడు. బురద రంగు చూసి రాయి ఎక్కడ గట్టిపడిందో చెప్పేవాడు. ఆయన ఏ పుస్తకంలోనూ ఏమీ రాయలేదు. అయితే ఆయనది పద్ధతి కాకుండా పోతుందా?

ఆ కాగితాల కట్టను ఫోర్‌మన్ ఒకనాడు మా అర్బాబ్ (యజమాని) టేబుల్ మీద పెట్టాడు. ఉదయపు ముక్క నుంచి మధ్యాహ్నపు ముక్క దాకా వరుసగా అంటించి ఉన్నాయి, ప్రతిదాని పక్కన నా చేతి రాతలో నీళ్ల వేడి ఉంది. రాసింది ఎవరని అడిగితే నా వైపు చూపించాడు. కంప్రెసర్ ఉన్న సీడబ్ల్యూ-5200 చిల్లర్ వచ్చింది. హెల్పర్ వీసా ఉన్నవాడు నోటితో చెప్పిన మాటకు అంత డబ్బు ఈ దేశంలో ఎవరూ ఖర్చుపెట్టరని ఫోర్‌మన్‌కు ముందే తెలుసు. నన్ను నమ్మక రాయించాడా, నా మాటకు బరువు రావాలని రాయించాడా అన్నది నేను ఆయన్ను అడగలేదు, రెండోదే అని అనుకోవడం నాకు ఇష్టం.

అయితే ఒంగోలులో పరిస్థితి వేరు. అక్కడ యజమాని, ఫోర్‌మన్, హెల్పర్ ముగ్గురూ మా బావమరిదే. వాడు ఎవరికీ కాగితం చూపించి ఒప్పించనక్కర్లేదు. ఇక్కడ పాడైన షీటు కంపెనీది, సొరుగులో ఇంకో లెన్స్ ఉంటుంది, కరెంటు పోదు. అక్కడ పాడైన ప్రతి ముక్కా వాడి జేబులోది, మూడు గంటలకు ముహూర్తం పెట్టుకున్నవాళ్లు కౌంటర్ ముందు నిలబడి ఉంటారు. అలాంటివాడు పవర్ నాబ్ మీద చెయ్యి వేస్తే తెలివితక్కువతనం అనడానికి నాకు నోరు రాదు. ఒకసారికి ఒక్కటే మార్చడం అనే సౌఖ్యం, నష్టాన్ని భరించే యజమాని వెనక ఉన్నవాడికి దొరికినంత సులువుగా సొంత దుకాణం వాడికి దొరకదు.

రాత్రికి వాడే ఫొటోలు పంపాడు, మాటలేమీ రాయలేదు. రెండో అద్దం మీద అంటించిన టేపులో దగ్గరి మచ్చ గుండ్రంగా, దూరపు మచ్చ దానికన్నా కిందుగా, చవితి చంద్రుడిలా కోసినట్టు ఉంది. లారీ కుదుపులకు మొదటి అద్దం స్క్రూ వదులైంది. ఆ స్క్రూ కొద్దికొద్దిగా తిప్పుతూ రెండు మచ్చలూ ఒకదాని మీద ఒకటి పడేదాకా కాల్చమని, తర్వాత తల దగ్గర ఇదే పని రెండో అద్దం స్క్రూలతో చేయమని వీడియో కాల్‌లో పక్కనుండి చేయించాను. కుడి ముందు మూలలో కూడా ముక్క ఊడింది.

నీళ్ల ఫొటో చూసి మాత్రం గుండె ఆగినంత పనయింది. ప్లాస్టిక్ డ్రమ్ములో బోరు నీళ్లు, కూలర్ మోటారు, తేలుతున్న ఐసు బాటిళ్లు. బోరు నీళ్లు మార్చి బ్యాటరీ వాటర్ పోయమన్నాను, ఉప్పు నీళ్లు ట్యూబులో పొర కడతాయి. ఐసు ఎక్కువైతే ఇంకో ప్రమాదం ఉంది. కొత్తపట్నం వైపు నుంచి సముద్రపు గాలి వీచే ఊళ్లో మరీ చల్లబడ్డ ట్యూబుకు చెమట పడుతుంది, వేల వోల్టుల కరెంటు ఆ తడి మీదుగా దూకుతుంది. కంప్రెసర్ చిల్లర్ కొనుక్కోరాదా అంటే, దుకాణానికి ఏసీ పెడితే కస్టమర్లు వస్తారు, మెషీనుకు ఏసీ పెడితే ఎవరు వస్తారు బావా అన్నాడు. ఎండాకాలం గడిచేదాకా మందం షీట్లన్నీ పొద్దున పదిలోపు కోసేసి, తక్కువ పవర్‌తో సరిపోయే పేర్లు చెక్కే పని మధ్యాహ్నానికి పెట్టుకోవాలని ప్రస్తుతానికి ఇద్దరం ఒప్పుకున్నాం, చిల్లర్ సంగతి దసరా సీజన్ డబ్బు చేతికొచ్చాక చూస్తానన్నాడు.