ఎన్440కె మీద పడ్డ నింద

"ఏపీ స్ట్రెయిన్" అన్న మాట ఎవరైనా ఇంకా వాడితే నాకు ఒళ్లు మండుతుంది. కరోనా వైరస్‌లో ఎన్440కె అనే మార్పున్న రకానికి 2021లో తగిలించిన పేరది. మొన్న ఒక పెళ్లిలో, దూరపు చుట్టం, పెదనాన్న వరసైన ఆయన, "అప్పట్లో ఆ మాయదారి వైరస్ మన కర్నూల్లోనే పుట్టింది కదమ్మా" అని నాకే చెప్పాడు. 2020 నుంచి రాయలసీమలో ఒక ఆర్టీపీసీఆర్ ల్యాబులో టెక్నీషియన్‌గా చేస్తున్నదాన్ని నేను. పక్కన అప్పడాలు వడ్డిస్తుంటే స్పైక్ ప్రొటీన్ (వైరస్ పైనుండే ముళ్లు) గురించి ఏం చెప్తాం, ఊరుకున్నాను. ఇక్కడ చెప్తాను.

మేం చేసే పరీక్ష వైరస్ ఉందా లేదా అన్నంతవరకే చెప్తుంది. ఏ రకమో తెలియాలంటే దాదాపు 30 వేల అక్షరాలున్న దాని జన్యుక్రమం మొత్తం చదవాలి. అందుకే సీటీ విలువ 25 లోపు వచ్చిన పాజిటివ్‌లను, అంటే వైరస్ దండిగా ఉన్నవాటిని, ఏరి, మూడు పొరల ప్యాకింగ్ చేసి, థర్మాకోల్ పెట్టెలో ఐస్‌ప్యాకుల మధ్య పెట్టి హైదరాబాద్‌లోని పరిశోధనా సంస్థ సీసీఎంబీకి పంపేవాళ్లం. పీపీఈ కిట్ లోపల చెమట కారుతుంటే ఆ పెట్టెకు టేపు చుట్టడం, అదొక నరకం. ఫలితం వచ్చేసరికి వారాలు గడిచిపోయేవి. తర్వాత జరిగిన గొడవలో సగం ఈ ఆలస్యం వల్లే.

మన దగ్గర ఒకే వైరస్ మొదటి నుంచీ తిరిగిందనుకుంటారు గానీ, అది నిజం కాదు. 2020 జూన్ నాటికి చదివిన భారతీయ నమూనాల్లో 41 శాతం ఏ3ఐ అనే వంశానివని సీసీఎంబీ లెక్క తేల్చింది. తెలంగాణ, తమిళనాడుల్లో దాని జోరు ఎక్కువ. కొన్ని నెలలు తిరక్కుండానే డీ614జీ మార్పు ఉన్న ఏ2ఏ వచ్చి దాన్ని పక్కకు నెట్టేసింది. ఆ ఏడాది ద్వితీయార్థంలో మన ప్రాంతపు నమూనాల్లో కనబడిందే ఎన్440కె. స్పైక్ ప్రొటీన్‌లో 440వ స్థానంలో ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం పోయి లైసిన్ అనేది వచ్చింది. మన కణాల మీదున్న ఏస్2 అనే ప్రొటీన్‌ను వైరస్ పట్టుకునే భాగంలోనే ఈ మార్పు ఉంది కాబట్టి శాస్త్రవేత్తలు దానిమీద కన్నేశారు.

2021 మార్చి 24న కేంద్ర ఆరోగ్యశాఖ ఒక ప్రకటన ఇచ్చింది. అంతకుముందు ఆంధ్రప్రదేశ్ నమూనాల్లో 33 శాతం, తెలంగాణ నమూనాలు 104లో 53 ఎన్440కెవేనని అందులో ఉంది. కేరళలో 11 జిల్లాల నుంచి 123 దొరికాయి. యూకే, డెన్మార్క్, జపాన్ సహా ఇంకో 16 దేశాల్లోనూ కనిపించింది. మరి అది "ఏపీ"ది ఎలా అయింది? అదే ప్రకటనలో మహారాష్ట్రలో పెరుగుతున్న "డబుల్ మ్యూటెంట్" (రెండు కీలక మార్పులున్న రకం) సంగతి కూడా ఉంది. అసలు ముప్పు అక్కడుంది.

మే మొదట్లో సీసీఎంబీ వాళ్ల పరిశోధన పత్రం ఒకటి చర్చకు వచ్చింది. ల్యాబులో పెంచిన కణాల్లో ఎన్440కె వైరస్, ఏ2ఏ కన్నా 10 రెట్లు, ఏ3ఐ కన్నా 1000 రెట్లకు పైగా ఎక్కువగా, ఇన్ఫెక్షన్ కలిగించే వైరస్ రేణువులను తయారుచేసిందని దాని సారాంశం. పనికొచ్చే పరిశోధనే, నాకు దానితో పేచీ లేదు. కానీ ఆ 1000 రెట్లు దేనితో పోల్చి అన్నారో చూడండి: అప్పటికే ఏ2ఏ చేతిలో ఓడిపోయి కనుమరుగైన ఏ3ఐతో. పైగా ఇది గాజుపాత్రలోని కణాల సంగతి, మనుషుల్లో మరణాల లెక్క కాదు. టీవీలకు ఇవన్నీ ఎందుకు? "15 రెట్లు ప్రమాదకరం" అని స్క్రోలింగ్ మొదలైంది. ఎన్440కె తగ్గిపోతోంది, బీ.1.617 (ఆ డబుల్ మ్యూటెంట్ వంశం) దాని చోటు ఆక్రమిస్తోంది అని అదే సీసీఎంబీ శాస్త్రవేత్తలు చెప్పినా వినేవాళ్లు లేరు.

మే 6న ఢిల్లీ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది: ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చేవాళ్లకు 14 రోజుల సంస్థాగత క్వారంటైన్. రెండు డోసులు వేసుకున్నవాళ్లకు, 72 గంటల్లోపు నెగెటివ్ రిపోర్టు ఉన్నవాళ్లకు ఇంట్లోనే 7 రోజులు. అప్పటికి మా తమ్ముడు ఊళ్లోనే ఉన్నాడు, ఢిల్లీలో అద్దె గది. ఇంటి ఓనరు ఫోన్ చేసి "మీ ఆంధ్రా వైరస్ సంగతి తేలేదాకా రావద్దు" అన్నాడట. వాడు నాకు ఫోన్ చేసి "అక్కా, నిజంగా మనదేనా?" అని అడిగాడు. ఢిల్లీలో బెడ్లు లేక జనం అల్లాడుతున్న రోజులవి, భయం నాకర్థమవుతుంది. కానీ అప్పటికి ఢిల్లీని ముంచేసింది డెల్టా. అది మన దగ్గర్నుంచి రైలెక్కి వెళ్లింది కాదు.

మా జిల్లాల్లోనూ ఆ వేసవిలో ప్రాణాలు తీసింది డెల్టానే. బీ.1.617.2 అని రాసే ఆ రకానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మే 31న డెల్టా అని పేరు పెట్టింది. ఎల్452ఆర్, టీ478కె, పీ681ఆర్ మార్పులు ఒకేచోట చేరాయి దానిలో. పీ681ఆర్ స్పైక్ కోత పడే చోటికి పక్కనే ఉంటుంది. ఆ కోత సులువైతే కణంలోకి దూరడం కూడా సులువే. ఒంటరి ఎన్440కె దాని ముందు నిలవలేకపోయింది.

ఇక్కడితో అయిపోతే ఇంత రాసేదాన్ని కాదు. 2021 నవంబరులో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు ఒమిక్రాన్ గురించి చెప్పినప్పుడు, స్పైక్ మార్పుల జాబితాను ఫోన్లో కిందికి జరుపుతూ చదివాను. 30కి పైగా ఉన్నాయి. మధ్యలో ఎన్440కె! మన నమూనాల్లోంచి వెళ్లిన వారసత్వం కాదు, వేరే వంశంలో విడిగా వచ్చిన మార్పు. తర్వాత 2023 చివర్లో మళ్లీ హడావుడి చేసిన, ఒమిక్రాన్ సంతతే అయిన జేఎన్.1లోనూ 440వ స్థానంలో లైసినే ఉంది. లండన్‌లో, న్యూయార్క్‌లో, ఢిల్లీలో కోట్లమంది ఒంట్లో అదే మార్పు తిరిగింది. దాన్ని మాత్రం ఎవరూ ఏ రాష్ట్రం పేరుతోనూ పిలవలేదు.

పెదనాన్నకు ఈ లింకు వాట్సాప్‌లో పంపిస్తున్నాను. చదువుతాడో లేదో మరి.