వాతాపి జీర్ణం అంటూ పెరిగి, ఆ వాతాపికే వెళ్లొచ్చాం

చిన్నప్పుడు అన్నం తినగానే అమ్మ నా పొట్ట నిమురుతూ 'జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం' అనేది. ఇప్పుడు మా బాబుకీ అంతే. వాతాపి అంటే అగస్త్యుడు అరిగించుకున్న రాక్షసుడని తెలుసు గానీ, ఆ పేరుతో ఒక ఊరుందని, రైలెక్కి వెళ్లి చూడొచ్చని పెద్దయ్యేదాకా తెలీదు. కర్ణాటకలోని బాదామే ఆ ఊరు.

బాబు పుట్టినప్పుడు బాదామి దగ్గరి బనశంకరి అమ్మవారికి చీర పెడతానని అమ్మ మొక్కుకుంది. ఆ తల్లి మా ఇలవేలుపు. అదిగో ఇదిగో అంటూ మూడేళ్లు గడిచిపోయాక మొన్న కార్తీకంలో కర్నూలు నుంచి కదిలాం. గుంతకల్లులో రైలెక్కి, గదగ్‌లో మారి బాదామి చేరాం. స్టేషన్ నుంచి ఊళ్లోకి ఇంకో అయిదు కిలోమీటర్లు ఉంటుంది. దారంతా అమ్మ కన్నడ బోర్డులు కూడబలుక్కుని చదువుతూనే ఉంది, అక్షరాలు మనవాటికి అంత దగ్గర మరి.

ముందు మొక్కు. సింహం మీద ఎనిమిది చేతులతో నల్లరాతి అమ్మవారు. చీర ఇచ్చేటప్పుడు అమ్మ చేతులు వణికాయి, బయటికొచ్చి హరిద్రా తీర్థం మెట్ల మీద చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుంది. గుడి దగ్గర ఆడవాళ్లు బుట్టల్లో జొన్నరొట్టెలు, పెరుగు, పచ్చళ్లు తెచ్చి అమ్ముతారు. మేమూ అక్కడే కూర్చుని తిన్నాం.

మర్నాడు బాదామి గుహలు. ఎర్రటి ఇసుకరాతి కొండని తొలిచి చేసిన నాలుగు గుహలవి. మొదటిదాని పక్కనే 18 చేతుల నటరాజు, అమ్మ వేలు పెట్టి 'ఇటు తొమ్మిది, అటు తొమ్మిది' అని లెక్కపెట్టి మరీ దణ్ణం పెట్టింది. మూడో గుహ విష్ణువుది, అప్పట్లో ఈ ఊరిని ఏలిన చాళుక్య వంశపు మంగళేశుడు 578లో చేయించినట్టు శాసనం ఉంది. నాలుగోది జైనులది. కోతులు మాత్రం విపరీతం, చేతిలో తినే వస్తువు ఏదీ పెట్టుకోకండి.

గుహలకి ఎదురుగా ఉన్న ఉత్తరపు కొండ మీద కోట. చాళుక్య రాజు మొదటి పులకేశి 543లో ఇక్కడ కోట కట్టించాడని కొండరాతి మీదే చెక్కించాడు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, అందుకని బాబుతో కింద భూతనాథుడి గుడి దగ్గరే ఉండిపోయింది, నేనొక్కదాన్నే ఎక్కాను. రెండు నిలువు బండల మధ్య సన్నటి చీలికలోంచి మెట్లు పోతుంటాయి, చెయ్యి చాపితే రెండు వైపులా చల్లటి రాయి తగులుతుంది. పైన శివాలయం దగ్గరికి చేరి కిందికి చూస్తే ఆకుపచ్చటి అగస్త్య తీర్థం. ఒడ్డున ఆడవాళ్లు బట్టలు ఉతుకుతున్నారు, ఇక్కడ బండకేసి కొట్టిన దెబ్బ అవతలి కొండకి తగిలి మళ్లీ వినబడుతోంది. 642లో కంచి పల్లవ రాజు నరసింహవర్మ ఈ ఊరిని గెలుచుకుని 'వాతాపికొండ', అంటే వాతాపిని గెలిచినవాడు, అని బిరుదు పెట్టుకున్నాడు. అంత పెద్ద యుద్ధం చూసిన చోట ఇంత నిమ్మళంగా బట్టల చప్పుడు వినడం నాకెందుకో గొంతుకి అడ్డం పడింది.

ఆ తర్వాత దాదాపు వందేళ్లకి చాళుక్య రెండో విక్రమాదిత్యుడు కంచి మీదికి వెళ్లి గెలిచాడు. గెలిచినవాడు ఊరిని పాడుచెయ్యకుండా, అక్కడి కైలాసనాథుడి గుడి సొత్తు కైలాసనాథుడికే వదిలేసి, ఆ మాట ఆ గుళ్లోనే కన్నడంలో రాయించి వచ్చాడు. ఆ విజయానికి గుర్తుగా ఆయన రాణి లోకమహాదేవి పట్టదకల్లులో కట్టించిందే విరూపాక్షాలయం. బాదామి నుంచి 22 కిలోమీటర్లు, అక్కడికీ వెళ్లాం. మలప్రభ ఇక్కడ ఉత్తరంగా పారుతుంది కాబట్టి పుణ్యస్థలం, రాజుల పట్టాభిషేకాలు ఇక్కడే జరిగేవి. యునెస్కో 1987లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నాకు అంతకంటే నచ్చింది, విరూపాక్షుడికి ఇప్పటికీ పూజ జరుగుతోంది. కట్టిన శిల్పి పేరు గుండ అని కూడా శాసనంలో ఉంది. మిగతా ఎన్ని గుళ్లల్లో శిల్పి పేరు తెలుసు మనకి?

అక్కడే గళగనాథ గుడి శిఖరం చూసి అమ్మ ఆగిపోయింది. 'ఇది మన అలంపురం గుడి కదే!' అంది. నిజమే. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు కట్టించింది ఈ చాళుక్యులే, స్వర్గబ్రహ్మ గుడినీ దీన్నీ పక్కపక్కన పెడితే అక్కచెల్లెళ్లలా ఉంటాయి. ఏటా శివరాత్రికి వెళ్లే గుడి పోలిక ఇంత దూరంలో దొరికేసరికి అమ్మ మొహం వెలిగిపోయింది, గోడకి చెయ్యి ఆనించి అలాగే నిలబడింది.

ఆ తర్వాత చాళుక్యుల గుళ్లున్న ఇంకో ఊరు, ఐహోళె, ఎండలో తొందరగా అయిపోయింది. అక్కడి దుర్గ గుడిలో దుర్గమ్మ ఉంటుందనుకున్నాం, ఆ పేరు పక్కనున్న దుర్గం వల్ల వచ్చిందట. గుట్ట మీద మేగుటి జైన ఆలయంలో 634 నాటి రవికీర్తి శాసనం, రెండో పులకేశి హర్షుణ్ణి గెలిచిన సంగతి చెప్పేది, అదీ చూశాను.

పుష్య పౌర్ణమికి బనశంకరిలో జాతర, అంతకుముందు అమ్మవారికి 108 రకాల కూరలు నైవేద్యం పెడతారట. టికెట్లు ఎప్పుడు తీస్తావని అమ్మ రోజూ అడుగుతోంది.