దగ్గు గురించి మొదట ఎవరిని అడుగుతారు

గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లే దారిలో నాకు ఒక మెడికల్ షాపు ఉంది. సంక్రాంతి వెళ్లి కొత్త పంట రావడం మొదలైన నాటి నుంచి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చే దాకా మా వీధి గాలిలో కారం ఘాటు నిలిచే ఉంటుంది. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే ముఠా కార్మికులు, తొడిమలు తీసే ఆడవాళ్లు, సరుకు తెచ్చిన రైతులు, వారికి టీ పోసే బంకు మనిషి, అందరూ ముక్కుకు తువ్వాలో పైట చెంగో అడ్డం పెట్టుకునే పని చేస్తారు, అందరూ దగ్గుతారు. అందువల్ల మా దగ్గర దగ్గును ఎవరూ జబ్బు కింద లెక్కవేయరు. "ఘాటు పట్టింది, ఒక సీసా ఇవ్వండి" అని అడుగుతారు, సీసా పుచ్చుకుని వెళ్లిపోతారు.

కొన్నేళ్ల కిందట ఒక ముఠా కార్మికుడికి ఇలాగే రెండు నెలల్లో వరుసగా నాలుగు సీసాలు అమ్మాను. మనిషి చిక్కిపోవడం నేను చూస్తూనే ఉన్నాను, ఎండల్లో బరువులు మోసేవాడు చిక్కిపోక ఏమవుతాడని సరిపెట్టుకున్నాను. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతోందని అతను చెబితే పారాసెట్మాల్ బిళ్లలు కూడా ఇచ్చాను. చివరకు దగ్గులో రక్తం పడితే ఇంటివాళ్లు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఊపిరితిత్తుల క్షయ అని తేలింది. అప్పటికే ఇంట్లో ఆడపిల్లకు కూడా సోకింది. ఇద్దరూ ఆరు నెలలు మందులు వాడి కోలుకున్నారు, ఇప్పటికీ ఆ కార్మికుడు మా షాపు ముందు నుంచి వెళ్తూ చెయ్యెత్తి పలకరిస్తాడు. అయినా ఆ రెండు నెలలు నా మనసులో నుంచి పోలేదు. అతను తన జబ్బును నిర్లక్ష్యం చేశాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అతను అడిగాడు, అడిగింది నన్నే.

మన ఊళ్లలో జబ్బుపడిన మనిషి గోడమీది పోస్టరును చదివి ఆసుపత్రికి బయలుదేరడం నేను చాలా అరుదుగా చూశాను. ముందు తెలిసిన మనిషి ఎవరినో అడుగుతాడు. ఆ మనిషి మెడికల్ షాపువాడు కావచ్చు, వీధి చివర ఆర్‌ఎంపీ డాక్టరు కావచ్చు, ముఠా మేస్త్రి కావచ్చు, బడిలో పంతులమ్మ కావచ్చు, జాకెట్టు కుట్టే టైలరమ్మ కావచ్చు. ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న సేవల సమాచారం ముందుగా చేరవలసింది వీరికి, అదీ వీరు మరొకరికి నోటితో చెప్పగలిగిన రూపంలో చేరాలి. ఈ ఒక్క మాట నమ్ముకుని ఆరేడేళ్లుగా నెలకొక కాగితం తయారుచేసి చుట్టుపక్కల ఇరవై ముప్పై మందికి నేనే తీసుకువెళ్లి ఇస్తున్నాను.

అవగాహన కార్యక్రమాలకు నేను వెళ్లకపోలేదు. రాబర్ట్ కాక్ 1882లో క్షయ క్రిమిని కనుగొన్నట్లు ప్రకటించిన రోజు మార్చి 24. ఏటా ఆ రోజున ప్రపంచ క్షయ దినోత్సవం జరుపుతారు, అదే మా యార్డులో సీజను ముమ్మరంగా ఉండే సమయం. ఒక సంవత్సరం అలాంటి సభకు నన్నూ, మా వీధి ఆర్‌ఎంపీలనూ పిలిచారు. పదకొండు గంటలకు మొదలైన సభలో ఫ్లెక్సీ ఎంతో అందంగా ఉంది, మాట్లాడినవారు మనసు పెట్టి మాట్లాడారు, చేతికి ఇచ్చిన కరపత్రం మీద "సమష్టి కృషితో క్షయను నిర్మూలిద్దాం" అని పెద్ద అక్షరాలతో ఉంది. కళ్లె పరీక్ష ఎక్కడ చేస్తారు, ఏ వేళకు వెళ్లాలి, వెళ్లేటప్పుడు ఏం పట్టుకెళ్లాలి అన్న మూడు ముక్కలూ మాత్రం ఆ కాగితంలో ఎక్కడా లేవు. దాన్ని పట్టుకుని నేను నా కౌంటరు దగ్గరికి వచ్చే మనిషికి ఏమని చెప్పాలి?

నా కాగితంలో ఉండేవి ఆ మూడు ముక్కలే. వాటిని రాయడం ఎంత కష్టమో మొదటి ఏడాదే తెలిసింది. ఒక ఆరోగ్య కేంద్రంలో రోజూ కళ్లె తీసుకుంటారని ఎవరో చెబితే నమ్మి రాశాను. అక్కడ ల్యాబ్ టెక్నీషియన్ వారంలో కొన్ని రోజులే ఉంటాడని నేను కనుక్కోలేదు. తొడిమలు తీసే ఒక అక్క నా కాగితం చూసి రెండుసార్లు వెళ్లి రెండుసార్లూ తిరిగి వచ్చింది, రెండు రోజుల కూలి పోయింది. మూడోసారి ఆమె వెళ్లలేదు. ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి నచ్చజెప్పి, డబ్బా ఇచ్చి, కళ్లె తానే తీసుకువెళ్లింది కాబట్టి సరిపోయింది. తప్పు నాది. ఆనాటి నుంచి ప్రతి నెలా మొదటి వారంలో స్కూటరు మీద స్వయంగా తిరిగి, తలుపు దగ్గర నిలబడి అడిగి, ఆ తేదీని కాగితం అడుగున వేస్తున్నాను. తేదీ లేని సమాచారాన్ని నేనిప్పుడు ఎవరికీ ఇవ్వను, ఎవరైనా ఇచ్చినా తీసుకోను.

ఇక విషయానికి వస్తాను. దగ్గు రెండు వారాలు దాటితే, కారణం ఘాటే అని మనకు ఎంత గట్టిగా అనిపించినా, కళ్లె పరీక్షకు పంపాలి. దానికి తోడు సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, కళ్లెలో రక్తపు జీర, వీటిలో ఏది కనిపించినా రెండు వారాలు ఆగనవసరం లేదు. పరీక్షకు పంపేటప్పుడు మనం చెప్పవలసిన మాట ఒకటుంది: ఉమ్మి కాదు, కళ్లె కావాలి. పొద్దున లేవగానే నీళ్లతో నోరు పుక్కిలించి, రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, గుండెల లోతు నుంచి దగ్గితే వచ్చేది కళ్లె. ఇంట్లో గది మధ్య కాకుండా ఆరుబయట నిలబడి డబ్బాలో పట్టాలి. ఇంత చెప్పకపోతే మనిషి నోట్లోని లాలాజలం పట్టుకువెళ్తాడు, పరీక్షలో ఏమీ కనిపించదు, ఏమీ లేదట అని తిరిగి వస్తాడు. ఇప్పుడు సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు ఉన్నచోట్ల పరీక్ష మొదలుపెట్టిన కొద్ది గంటల్లోనే జబ్బు ఉన్నదీ లేనిదీ తేలడమే గాక, ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు క్రిమి లొంగుతుందో లేదో కూడా తెలుస్తుంది. పరీక్షకూ మందులకూ ప్రభుత్వ కేంద్రాల్లో పైసా తీసుకోరు. మామూలు క్షయకు ఆరు నెలల చికిత్స, మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, ఆ తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు, రోజూ, బరువును బట్టి.

ఆ మందు మొదలుపెట్టినవారు మళ్లీ నా కౌంటరు దగ్గరికే వస్తారు. "మూత్రం ఎర్రగా పోతోంది, రక్తమేమో" అని భయపడి మందు మానేసినవారిని నేను చూశాను. అది రిఫాంపిసిన్ రంగు. మూత్రం, చెమట, కన్నీరు కూడా నారింజ రంగుకు తిరగవచ్చు, భయపడవలసినది లేదు. ఆ మాట ముందే చెప్పి ఉంటే మానేయరు. అదే, కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా మాత్రం వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి. రెండో నెలకు దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, ఒంట్లో సత్తువ వచ్చాక జబ్బు పోయిందనుకుని మానేసేవారు మరికొందరు. వీరితో మాట్లాడేందుకు ఆసుపత్రివారి కన్నా మనకే ఎక్కువ అవకాశం ఉంది, ఎందుకంటే మనం రోజూ కనిపిస్తాం. పోషకాహారం కోసం నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుంచి నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేసేవారు, 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 రూపాయలు చేశారు. ఖాతా పుస్తకం, ఆధార్ నకలు వెంట తీసుకెళ్లమని చెబితే ఒక తిరుగుడు తప్పుతుంది. సందేహాలకు 1800 11 6666 అనే ఉచిత నంబరు ఉంది.

నా తోటి షాపులవారికి ప్రత్యేకంగా ఒక మాట. దగ్గుతో వచ్చిన మనిషికి డాక్టరు చీటీ లేకుండా లెవోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్ ఇవ్వడం వల్ల క్షయ కొంతకాలం అణిగినట్లు కనిపించి, పరీక్షలో దొరకడం ఆలస్యమవుతుంది. స్టెరాయిడ్ బిళ్ల వేస్తే జ్వరం తగ్గుతుంది, లోపల జబ్బు పెరుగుతుంది. క్షయ మందులు షెడ్యూల్ హెచ్1లో, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మవలసిన మందుల జాబితాలో, ఉన్నాయి కాబట్టి వాటిని అమ్మినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు, మందు, పరిమాణం విడిగా రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. క్షయ రోగుల వివరాలను ప్రభుత్వానికి తెలపవలసిన బాధ్యత 2018 నుంచి మనపై కూడా ఉంది. ఆ రిజిస్టరును తనిఖీ కోసం నింపే పుస్తకంగా చూడడం నాకు బాధ కలిగిస్తుంది. ఆ పేరు నమోదైతేనే ఆ ఇంట్లో మిగతావారికి, ముఖ్యంగా పసిపిల్లలకు, పరీక్ష చేసి ముందు జాగ్రత్త మందు ఇచ్చేందుకు దారి దొరుకుతుంది.

ఆర్‌ఎంపీలతో మాట్లాడడం మొదట్లో చాలా కష్టమయింది. నేను కాగితంతో వెళితే, తమమీద ఎవరికో ఫిర్యాదు చేయడానికి వచ్చాననుకున్నారు. ఒక పెద్దాయన నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, "బాబూ, నేను పంపిన మనిషి అక్కడికి వెళ్లాక మళ్లీ నా గడప తొక్కడు, నేనెందుకు పంపాలి?" అని నేరుగా అడిగారు. ఆయన ప్రశ్నలో నాకు న్యాయం కనిపించింది. అప్పుడే అరచేతి పొడవున్న చీటీలు అచ్చువేయించాను. రోగి పేరు, ఎన్ని రోజుల దగ్గు, వెళ్లవలసిన చోటు, వేళ, అడుగున "పంపినవారు" అని ఒక గీత. ఆ గీత మీద ఆయన తన పేరు రాస్తారు. మా వార్డు ఏఎన్ఎం అమ్మను కలిసి, ఆ చీటీతో వచ్చినవారి సంగతి పంపినవారికి ఒక్క ఫోను చేసి చెప్పమని అడిగాను, ఆవిడ ఎంతో సహృదయంతో ఒప్పుకున్నారు. రోగి అనుమతి అడిగాకే చెబుతారు. మందులు మొదలయ్యాక రోగి వారానికోసారి ఆ పెద్దాయన దగ్గరికే వెళ్లి బరువు చూపించుకుంటాడు. ఇప్పుడు మా కాగితం అందరికన్నా ముందు అడిగేది ఆయనే.

చీటీని మడిచి ఇవ్వాలని నాకు నేర్పింది టైలరమ్మ. తన దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో పెళ్లి కావలసిన పిల్లలున్నవారు ఈ జబ్బు పేరు వింటేనే లేచి వెళ్లిపోతారనీ, నలుగురి ముందు చెబితే సాయం చేసినట్లు కాదు, పరువు తీసినట్లేననీ ఆవిడ చెప్పారు. నేను అప్పటిదాకా కౌంటరు మీద నుంచి గట్టిగా చెప్పేవాణ్ని. ఇప్పుడు పక్కకు పిలిచి చెబుతాను, చీటీలో జబ్బు పేరు రాయను, "దగ్గు పరీక్ష" అని మాత్రమే రాస్తాను.

వానాకాలం వస్తే కాగితం అతిసారం, జ్వరాల మీదకు మారుతుంది. 2018 మార్చిలో పాత గుంటూరు ప్రాంతంలో తాగునీరు కలుషితమై అతిసారం ప్రబలి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్న రోజులు ఈ ఊళ్లో ఎవరూ మరచిపోలేదు. అంగన్‌వాడీ టీచర్లకు కాగితం ఇచ్చేటప్పుడు నేను ఒక లీటరు సీసా కూడా తీసుకువెళ్తాను. ఓఆర్ఎస్ పొట్లాన్ని కొంచెం కొంచెంగా గ్లాసులో కలిపే అలవాటు చాలామంది తల్లులకు ఉంది. పొట్లం మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలిపి, 24 గంటల్లో వాడి, మిగిలింది పారబోయాలని కళ్లముందు చేసి చూపిస్తే మరచిపోరు. పిల్లలకు దానితో పాటు 14 రోజులు జింకు బిళ్ల కూడా వేయాలి. పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకున్న తీపి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. అయినా అట్టపెట్టె మీద చక్కెర ఎంతుందో చదివి ఇవ్వడం మన పని. డెంగీ రోజుల్లో జ్వరానికి పారాసెట్మాల్ తప్ప డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ ఇవ్వకూడదన్నది షాపులకు వెళ్లే కాగితంలో మొదటి వాక్యం. పరీక్షా ఫలితాల నెలలో బడిపంతుళ్లకు ఇచ్చే కాగితం మీద 14416 ఒక్కటే పెద్దగా ఉంటుంది. మనోవేదనలో ఉన్నవారు రాత్రీ పగలూ ఉచితంగా మాట్లాడగల టెలీ మానస్ నంబరు అది.

ఈ సీజనుకు మా ముఠా మేస్త్రి ఒక కోరిక కోరాడు. తన వాళ్లలో సగం మందికి చదువు రాదు కనుక కాగితాన్ని చదివి ఫోనులో రికార్డు చేసి ఇమ్మన్నాడు, ముఠా వాట్సాప్ గ్రూపులో పెడతానన్నాడు. నేను జాగ్రత్తగా చదివి పంపాను. మరునాడు పొద్దున టీ బంకు దగ్గర కలిసి, "అన్నా, నీ మాట రేడియోలో వార్తల్లాగా ఉంది, మావాళ్లు సగంలోనే ఆపేశారు" అని చెప్పి, నా ఎదుటే ఫోను నోటి దగ్గర పెట్టుకుని తానే మాట్లాడాడు: "ఒరే తమ్ముళ్లూ, రెండు వారాల నుంచి దగ్గేవాడెవడైనా ఉంటే అది ఘాటు అనుకోమాకండి. పొద్దున లేవంగానే నోరు పుక్కిలిచ్చి, లోపల్నుంచి కళ్లె తీసి డబ్బాలో పట్టుకుని రండి. డబ్బా నా దగ్గరుంది. కూలి పోద్దని భయపడమాకండి, ఆ పూట నీ వంతు టిక్కీలు మేం మోస్తాం." అది ఇరవై సెకన్లకు మించలేదు. ఆ పూట వంతు సంగతి నా కాగితంలో ఎన్నడూ లేదు. వచ్చే నెల కాగితం రాసే ముందు మిగతా ముఠాల మేస్త్రీలను కలిసి, వారు కూడా అందుకు ఒప్పుకుంటారేమో అడగాలి.