చైనా పాత నక్షత్రాల పేర్లు: ఓరియన్ నుంచి అగస్త్యుడి దాకా ఎంతవరకు వచ్చింది

చైనా వాళ్ల పాత పుస్తకాల్లో ఉన్న నక్షత్రం పేరు చూసి, అది ఆకాశంలో సరిగ్గా ఏదో తేల్చుకునే పని పెట్టుకున్నాను. ఇప్పటికి ఓరియన్ (వేటగాడి ఆకారపు నక్షత్రమండలం), వృషభం, వాటి కింద దక్షిణాన ఉన్న భాగం నోట్‌బుక్‌లోకి ఎక్కాయి. ఇదే పని మొదలుపెట్టేవాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

వాళ్ల పద్ధతిలో పేరు ఎక్కువగా గుంపుకే ఉంటుంది. గుంపులోని నక్షత్రానికి నంబరు ఇస్తారు. మన జ్యేష్ఠ, అంటే అంటారిస్, వాళ్లకి ‘షిన్’ గుంపులో రెండోది. మన రోహిణి ‘బి’ గుంపులో ఐదోది. మూడో శతాబ్దంలో ఛెన్ జువో అనే ఆస్థాన ఖగోళవేత్త, అప్పటికున్న మూడు సంప్రదాయాల పట్టికలు కలిపి 283 గుంపులు, 1464 నక్షత్రాలుగా లెక్క తేల్చాడు. కానీ ఇప్పుడు అందరూ వాడే నంబర్లు ఆయన కాలానివి కావు. అవి చింగ్ రాజుల హయాంలో, యూరప్ నుంచి వచ్చిన జెసూట్ క్రైస్తవ మిషనరీల చేయి కూడా పడి 1752లో పూర్తయిన పట్టిక నుంచి వచ్చాయి. అందులో 3083 నక్షత్రాలున్నాయి. వాటిలో 1614 కొత్తగా చేర్చినవే. పేరులో నంబరు ముందు ‘జెంగ్’ అని కనిపిస్తే ఆ నక్షత్రం ఇలా తర్వాత చేరిందని అర్థం. ఇది గుర్తుంటే చాలా గందరగోళం తప్పుతుంది. 1752 నాటి నంబరు తీసుకెళ్లి సుమారు రెండు వేల ఏళ్ల కిందటి హాన్ రాజుల కాలం నాటి వాక్యానికి నేరుగా అతికించకూడదు. పేరు కనబడగానే నేను వేసుకునే మొదటి ప్రశ్న, ఇది ఏ శతాబ్దం నాటి పేరు అని.

పని చేసే తీరు చెప్తాను. ఏ తేదీన ఆకాశం ఎలా ఉంటుందో చూపించే స్టెల్లేరియం అనే సాఫ్ట్‌వేర్‌లో ఎఫ్4 నొక్కితే వచ్చే కిటికీలో చైనా ఆకాశ సంప్రదాయం ఎంచుకోవచ్చు. ఎఫ్5లో సంవత్సరం, ఎఫ్6లో ఊరు మార్చాలి. హాన్, తాంగ్ కాలాలకు షియాన్ పెడతాను, ఉత్తర సోంగ్ కాలానికి కైఫెంగ్. క్రీ.పూ. 104 కావాలంటే -103 అని కొట్టాలి, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ సున్నా సంవత్సరాన్ని కూడా లెక్కిస్తుంది. నక్షత్రం స్థానం చూసేటప్పుడు ‘జె2000’ అంకెలు (2000 సంవత్సరం నాటి స్థానాలు) వదిలేసి, ఆ తేదీకి చూపించే అంకెలే రాసుకోవాలి. ఆకాశం మొత్తం అయనచలనం (భూమి ఇరుసు మెల్లగా దిశ మార్చుకోవడం) వల్ల సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ జరుగుతుంది కాబట్టి ఈ తేడా పెద్దదే.

పాత పట్టికల్లో ఒక్కో నక్షత్రానికి రెండు అంకెలుంటాయి. మొదటిది, ఆకాశాన్ని 28 భాగాలు చేసి, ఒక్కో భాగానికి హద్దుగా పెట్టుకున్న నక్షత్రం నుంచి తూర్పుకి ఎంత దూరం అన్నది. రెండోది ఉత్తర ధ్రువం నుంచి దూరం. కొలత పేరు ‘దూ’. వాళ్ల వృత్తం 365¼ దూలు కాబట్టి 0.9856తో గుణిస్తే డిగ్రీలొస్తాయి. ధ్రువం నుంచి 91 దూ అంటే 89.7 డిగ్రీలు, అంటే క్రాంతి (ఖగోళ మధ్యరేఖ నుంచి ఉత్తరానికి దూరం) +0.3. షి షెన్ అనే ప్రాచీన చైనా ఖగోళవేత్త పేరు మీద ఉన్న పాత కొలతలు ఇవాళ మన చేతికి వచ్చాయంటే, ఎనిమిదో శతాబ్దం తొలి దశాబ్దాల్లో తాంగ్ ఆస్థానంలో పనిచేసిన గౌతమ సిద్ధ వాటిని తన సంకలనంలో ఎక్కించడం ఒక ముఖ్య కారణం. ఆయన భారతదేశం నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబంవాడు. ఆ విషయం తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

నేను ఎక్కువసేపు కూర్చున్నది ఓరియన్ దగ్గర. చంద్రుడి దారిలో వాళ్లు పెట్టుకున్న 28 భాగాల్లో ‘జి’, ‘షెన్’ పక్కపక్కన వస్తాయి. జి అంటే మన మృగశిర, ఓరియన్ తల దగ్గరి మూడు చిన్న చుక్కలు. షెన్‌కి హద్దు నక్షత్రం నడుము వరసలో పడమటి చివరిది, మింటాకా. జి భాగం వెడల్పు హాన్ కాలంలో 2 దూ అని రాశారు. తాంగ్ కాలంలో 1 దూ. 1280 నాటి ఖగోళవేత్త గువో షోజింగ్ కొలతలో 0.05 దూ! స్టెల్లేరియంలో ఆ సంవత్సరాలు ఒక్కొక్కటీ పెట్టి, మృగశిరలోని ఫై-1కీ మింటాకాకీ ఆర్‌ఏ (ఆకాశంలో తూర్పు-పడమరల స్థానం) తేడా రాసుకున్నాను. -103లో డిగ్రీ పైచిలుకు, 724లో అర డిగ్రీ, 1280కి వచ్చేసరికి రెండూ దాదాపు ఒకటే. హాన్, తాంగ్ కాలాల అంకెలు పూర్ణాంకాలు కాబట్టి అచ్చంగా సరిపోవు, కానీ తగ్గుతూ వచ్చిన తీరు స్పష్టంగా కలుస్తుంది. ఇవాళ మింటాకాయే దాదాపు 3 నిమిషాల ముందు నడినెత్తి గీత దాటుతోంది, అంటే వరస తిరగబడింది. గొట్టంలో నుంచి కంటితో చూసి కొలిచిన మనుషులు అంత సన్నని మార్పును తరతరాలుగా నమోదు చేశారంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

వృషభంలో ‘థ్యెన్‌గ్వాన్’ తేలిగ్గానే దొరికింది. అది జీటా టారీ. 2017లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఆ పేరునే అధికారికం చేసింది. 1054 జూలైలో పట్టపగలు కూడా 23 రోజులు కనిపించిన ‘అతిథి నక్షత్రం’ (కొత్తగా వెలిగి, తర్వాత మాయమయ్యే చుక్క) దీని పక్కనే వెలిగింది. ఇప్పుడక్కడ క్రాబ్ నెబ్యులా, అంటే ఆ పేలుడు మిగిల్చిన వాయుమేఘం, ఉంది. చిక్కంతా దిక్కుతో వచ్చింది. రికార్డులో థ్యెన్‌గ్వాన్‌కి ఆగ్నేయాన అని ఉంది, నెబ్యులా ఉన్నది వాయవ్యాన, డిగ్రీ పైన దూరంలో. 10×50 బైనాక్యులర్‌లో రెండూ ఒకే చూపులో పడతాయి కాబట్టి ఎవరైనా స్వయంగా చూసుకోవచ్చు. నెబ్యులా కనబడాలంటే మాత్రం చంద్రుడు లేని రాత్రి, ఊరి వెలుతురు లేని చోటు కావాలి. నేను అనంతగిరి వైపు వెళ్తాను. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుంటే రాసుకోవడానికి ఇబ్బంది ఉండదు.

అక్కడే దక్షిణాన మిగతా పని. సిరియస్ వాళ్లకి ‘థ్యెన్‌లాంగ్’, ఆకాశపు తోడేలు. దాని కింద ఆగ్నేయంగా ‘హూషి’ అనే విల్లంబు, తోడేలుకే గురిపెట్టి ఉంటుంది. మన లుబ్ధకుడు వేటగాడైతే అక్కడ అదే చుక్క వేటాడబడేది! విల్లు గీతలు మన దగ్గర్నుంచి హాయిగా గీసుకోవచ్చు, ఎందుకంటే ఆ చుక్కలు మనకు బాగా పైకి వస్తాయి.

అగస్త్యుడు, అంటే కానోపస్, వాళ్లకి ‘లావ్‌రెన్’, ముసలాయన. కనిపిస్తే దేశానికి శుభమని నమ్మేవారు. షియాన్ నుంచి అది దిగంతానికి 3 డిగ్రీలే పైకొస్తుంది, బీజింగ్ నుంచి అసలు కనబడదు. హైదరాబాద్ నుంచి ఫిబ్రవరి మొదట్లో రాత్రి తొమ్మిదిన్నర దాటాక 20 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. 724లో ఇప్పటి ఉత్తర వియత్నాం ప్రాంతానికి వెళ్లిన తాంగ్ పరిశీలకులు, లావ్‌రెన్ కింద పటాల్లో లేని పెద్ద నక్షత్రాలు చాలా చూశామని రాశారు. వాటిలో చాలావాటికి పేర్లొచ్చింది మింగ్ రాజుల చివరి రోజుల్లో, యూరప్ పటాల ఆధారంగా 23 దక్షిణపు గుంపులు చేర్చినప్పుడే. ఆ 23లో మన దగ్గర్నుంచి కనిపించేవి ఏవో జాబితా రాస్తున్నాను. అఖెర్నార్, వాళ్ల ‘ష్వెయ్‌వెయ్’ మొదటిది, ఇప్పటికే టిక్ పడింది. తర్వాత వేసవిలో దక్షిణ శిలువ, ఆ వెంటనే వృశ్చికంలో షిన్ గుంపు.