నాలుగు మార్కులు, ఎనిమిది మార్కులు

ఆదివారం. రాత్రి పది దాటింది.

పొద్దున ఐదింటికే లేచాను. ఇంట్లో వాళ్ళు లేచేలోపు ఒక సినిమా మళ్ళీ చూడాలి. మా ఫిల్మ్ క్లబ్ ఏటా జరిపే షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్‌కి ఈసారి 112 సినిమాలు వచ్చాయి. ఎంపిక చేసేవాళ్ళం ఐదుగురం. ఒక్కో సినిమాని ఇద్దరు చూసి పదికి మార్కులు వేస్తాం. ఇద్దరి మార్కులకీ మరీ తేడా వస్తే మూడో మనిషి చూడాలి. ఇవాళ మధ్యాహ్నమే ఆఖరి మీటింగు. షీటులో ఒక వరసలో నా నాలుగు పక్కన మాస్టారి ఎనిమిది ఉంది. మూడో మనిషికి పంపే టైము లేదు. నిన్న రాత్రి మాస్టారు ఫోన్ చేసి, "ఇంకొక్కసారి చూడమ్మా. అప్పటికీ నచ్చకపోతే వదిలేద్దాం" అన్నారు.

అది పద్నాలుగు నిమిషాల సినిమా. నిజామాబాద్ వైపు ఊళ్ళో బీడీలు చుట్టే ఒక ఆవిడ కథ. మొదటి నాలుగు నిమిషాలు మాటల్లేవు. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, కత్తెరతో తునికాకు కోయడం, చుట్టడం, దారం కట్టడం. అంతే. మొదటిసారి చూసినప్పుడు "నెమ్మది, ఎడిటింగ్ సరిపోలేదు" అని రాసి నాలుగు వేశాను. ఆ రాత్రి అది నేను చూసిన పన్నెండో సినిమా. ల్యాప్‌టాప్ స్పీకర్‌లో విన్నాను. పక్క గదిలో టీవీ మోగుతోంది.

ఇవాళ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూశాను. కత్తెర చప్పుడు, ఆకు చిరిగే చప్పుడు, దారం తెగే చప్పుడు. ఆ నాలుగు నిమిషాల్లో మనకి ఆవిడ మొహం కన్నా బొటనవేలు ఎక్కువ తెలుస్తుంది. అందుకే తర్వాత రేషన్ షాపులో ఆ వేలిని మిషన్ మీద పెట్టినప్పుడు, "ముద్ర పడ్తలేదు, తుడుచుకొని మళ్ళ పెట్టు" అని డీలర్ అన్నప్పుడు నా ఒళ్ళు జలదరించింది. ఏళ్ళ తరబడి ఆకు చుట్టిచుట్టి అరిగిపోయిన వేలు అది. మొదటి నాలుగు నిమిషాల్లో ఒక్క నిమిషం కోసినా ఆ వేలు మనకి అంత తెలిసేది కాదు. నేను కోయమన్నది సరిగ్గా అక్కడే.

నాలుగు కొట్టేసి ఎనిమిది వేశాను. వేశాక కూడా మనసు కుదుటపడలేదు. మాస్టారు ఫోన్ చేయకపోతే ఏమయ్యేది? ఆ సినిమా నా అలసట వల్ల పోయేది. అది తీసినవాళ్ళకి ఆ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు, తమ సినిమాలోనే ఏదో లోపం ఉందనుకునేవాళ్ళు. ఆ రాత్రి చూసిన మిగతా పదకొండు సినిమాల మాటేమిటి? టీ పెట్టుకుని వాటిలో మూడింటిని మళ్ళీ చూశాను. రెండింటికి మార్కులు మారలేదు. ఒకదానికి ఒక మార్కు పెరిగింది. తక్కినవి చూసే టైము లేకపోయింది. అది బాధగానే ఉంది.

నాకు ఈ పట్టుదల ఎందుకో నాకు తెలుసు. ఆరేళ్ళ కిందట నేనూ ఒక షార్ట్ ఫిల్మ్ తీశాను. పద్దెనిమిది నిమిషాలు. దాచుకున్న డబ్బంతా అందులో పెట్టి ఒక ఫెస్టివల్‌కి పంపాను. వీడియో పెట్టిన సైటులో ఆ లింకుని ఎన్నిసార్లు తెరిచారో, ఎంతసేపు చూశారో పంపినవాళ్ళకి కనిపిస్తుంది. ఒక్కసారి తెరిచారు. రెండు నిమిషాల పది సెకన్లు చూశారు. నెల తర్వాత, మీ సినిమాని మా కమిటీ శ్రద్ధగా పరిశీలించింది అంటూ మెయిల్ వచ్చింది. ఎంపిక కానందుకు నాకు పెద్దగా బాధ లేదు. ఆ మెయిల్‌లో 'శ్రద్ధగా' అన్న మాట మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఈ కమిటీలోకి రమ్మన్నప్పుడు నేను పెట్టిన షరతు ఒక్కటే: ఎంత బాగాలేకపోయినా ప్రతి సినిమానీ చివరి పేర్ల దాకా చూడాలి. అందరూ ఒప్పుకున్నారు. కానీ చివరిదాకా చూడటం ఒకటి, సరిగ్గా చూడటం ఇంకొకటి అని ఇవాళ తెలిసింది. వచ్చే ఏడాది నుంచి రోజుకి ఐదు సినిమాలకి మించి చూడకూడదని నియమం పెట్టమని అడిగాను. దానికి ఎంట్రీలు నెల ముందుగా తీసుకోవాలి. చూద్దాం.

మీటింగు నల్లకుంటలో మాస్టారింట్లో. ఆయన రిటైరైన లెక్చరర్, ఫిల్మ్ సొసైటీల కాలం మనిషి. అప్పట్లో పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ నుంచి 16 ఎం.ఎం. ప్రింట్లు, అంటే సినిమా రీళ్ళు, డబ్బాల్లో రైల్లో వచ్చేవట. స్టేషన్‌కి వెళ్ళి విడిపించుకుని, రిక్షాలో తెచ్చుకుని, చూపించాక మళ్ళీ జాగ్రత్తగా తిప్పి పంపేవారట. "ఆ డబ్బా మోసుకొచ్చాక చివరిదాకా చూడకుండా ఎట్లా ఉంటాం?" అంటారు. ఇప్పుడు లింకు, పాస్‌వర్డు. బరువేమీ లేదు కాబట్టే మధ్యలో ఆపేయడం సులువైపోయింది.

ఇవాళే తేల్చేయాల్సిన కారణం ఇంకొకటి ఉంది. సెన్సార్ సర్టిఫికెట్ లేని సినిమాలని ఫెస్టివల్‌లో చూపించాలంటే కేంద్ర సమాచార, ప్రసార శాఖ నుంచి మినహాయింపు తెచ్చుకోవాలి. సినిమాల జాబితా, ఒక్కోదాని కథా సారాంశం, ప్రివ్యూ కమిటీలో ఎవరెవరున్నారో ఆ పేర్లు ముందే పంపాలి. షార్ట్ ఫిల్మ్ తీసే కుర్రాళ్ళలో సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు ఎంతమంది? కాబట్టి మేం ఎంచుకున్నంత మాత్రాన అయిపోదు. 2017లో తిరువనంతపురంలో, కేరళ చలచిత్ర అకాడమీ జరిపే అంతర్జాతీయ డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఎంపికైన మూడు సినిమాలకి ఆ మినహాయింపు రాలేదు. వాటిలో ఒకటి మన హైదరాబాద్ యూనివర్సిటీ విద్యార్థి రోహిత్ వేముల మీద తీసింది. ఆ సంగతి గుర్తొస్తే సారాంశం రాయడానికి కూర్చున్నప్పుడు చేతికి బరువు తెలుస్తుంది. మూడు వాక్యాల్లో సినిమాని చెప్పాలి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

మాకున్నవి రెండు ఆటలు, ఒక్కోటి గంటన్నర. పన్నెండు గంటలకి మొదలుపెడితే మూడింటికల్లా దాదాపు తేలిపోయింది. ఈ ఏడాది వచ్చినవాటిలో చాలా సినిమాలు ఫోన్ అలారం మోగడంతో మొదలయ్యాయి. చాలావాటి చివర నల్లతెర మీద ఒక సందేశం. తీసినవాళ్ళకి తమ సినిమా మీద తమకే నమ్మకం చాలక ఆ సందేశం వేస్తారనిపిస్తుంది. సందేశం తీసేస్తే నిలబడే సినిమాలు అందులో కనీసం నాలుగైదు ఉన్నాయి.

గొడవంతా ఆఖరి పద్నాలుగు నిమిషాల దగ్గర వచ్చింది. బీడీల సినిమా లోపలికి రావాలంటే ఇంకొకటి బయటికి పోవాలి. పోవడానికి మిగిలింది ఒక్కటే. శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక అబ్బాయి పంపిన పదిహేను నిమిషాల సినిమా. చనిపోయిన తాత గొంతు పాత క్యాసెట్‌లో ఉందని తెలిసి, దాన్ని వినిపించే టేప్ రికార్డర్ కోసం మనవడు ఊరంతా తిరుగుతాడు. నేనే దానికి ఏడు వేశాను. కమిటీలో చిన్నవాడికి అది ప్రాణం.

"అక్కా, బీడీల సినిమాకి నువ్వే ముందు నాలుగు వేశావు కదా. ఇప్పుడు దానికోసం దీన్ని తీసేయమంటావా?" అన్నాడు.

న్యాయమైన మాట. నేను నా రాత్రి సంగతి దాచకుండా చెప్పాను. మాస్టారు ఇద్దరి మాటలూ విని, "రెండూ వెంటవెంటనే మళ్ళీ చూద్దాం, మాట్లాడకుండా" అన్నారు. కిటికీలకి దుప్పట్లు కట్టి, గోడ మీద ప్రొజెక్టర్ వేసి చూశాం. క్యాసెట్ సినిమాలో తాత గొంతు చివరికి వినిపించేస్తాడు ఆ అబ్బాయి. వినిపించాక మనవడి ఏడుపు, దాని మీద వయొలిన్. టేప్ తిరగడం మొదలైన చోట ఆపేసి ఉంటే... అని నలుగురం అనుకున్నాం. చిన్నవాడు ఏమీ అనలేదు. కాసేపటికి తనే షీటులో మార్చాడు.

ఇంటికొచ్చేటప్పుడు క్లెర్మాన్ ఫెరాన్ గుర్తొచ్చింది. ఫ్రాన్స్ మధ్యలో ఉన్న ఊరు. 1979లో అక్కడి యూనివర్సిటీ విద్యార్థులు ఒక వారం పాటు షార్ట్ ఫిల్ములు వేశారు. అదే పెరిగి ఇవాళ ప్రపంచంలో షార్ట్ ఫిల్ములకి పెద్ద పండగ అయింది. పోటీకి ఎంపికయ్యేవి కొన్నే. కానీ పోటీకి పంపినవన్నీ అక్కడి మార్కెట్, అంటే సినిమాలు కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ కలిసే చోటు, వీడియో లైబ్రరీలో ఉంటాయి. వేరే ఫెస్టివల్స్ వాళ్ళు, టీవీ వాళ్ళు వచ్చి వాటిని చూసుకోవచ్చు. ఒక కమిటీ వద్దన్న సినిమా ఇంకొకరి కంట పడే దారి మూసుకుపోదు. మనం అంత చేయలేం. కానీ పంపినవాళ్ళు ఒప్పుకుంటే, ఎంపిక కాని సినిమాలని నెలకో ఆదివారం మాస్టారింటి గోడ మీద నాలుగేసి వేయొచ్చు కదా? ఆటోలోంచే మాస్టారికి ఫోన్ చేశాను. "మొదటిది ఆ క్యాసెట్ సినిమాయే వేద్దాం. ఆ అబ్బాయిని రమ్మను, టికెట్ డబ్బులు నేనిస్తాను" అన్నారు.

రాత్రి భోజనం అయ్యాక మెయిల్స్ మొదలుపెట్టాను. ఎంపిక కానివాళ్ళకి రాసే మెయిల్ అందరికీ ఒకటే కాకూడదని ఈసారి నా మాట. ప్రతిదాంట్లో ఆ సినిమా చూసినవాళ్ళకే తెలిసే సంగతి ఒక్కటైనా ఉండాలి. శ్రీకాకుళం అబ్బాయికి ముందుగా రాశాను. టేప్ తిరగడం మొదలయ్యాక తాత మాట వినిపించేలోపు మూడు సెకన్లపాటు దగ్గు వినిపిస్తుంది, అది మా అందరికీ గుర్తుండిపోయిందని రాశాను. వయొలిన్ సంగతీ రాశాను. వచ్చి మా మధ్య కూర్చుని చూడమన్నాను.

ఆరు మెయిల్స్ అయ్యాయి. ఏడో సినిమాకి నేను రాసుకున్న నోట్సులో 'పర్వాలేదు' అని తప్ప ఏమీ లేదు. అది తొమ్మిది నిమిషాలే. హెడ్‌ఫోన్స్ ఛార్జింగ్‌కి పెట్టాను, పొద్దున మళ్ళీ చూసి రాస్తాను.