మెత్త మోకాలి కింద కాదు, మడమ కింద

మోకాలి మార్పిడి ఆపరేషన్ అయితే "మోకాలి చిప్ప మార్చిండ్రు" అంటారు గానీ, చాలాసార్లు చిప్ప అట్లనే ఉంటుంది. అరిగిన ఎముకల చివరలకు లోహపు తొడుగు వేసి, నడుమ ప్లాస్టిక్ పెడతారు. ఇంటికొచ్చినంక చూడవచ్చినవాళ్లంతా "కాలు ఎంత వంగుతున్నది?" అని అడుగుతారు. ఎంత చాపగలుగుతున్నదని అడిగేవాళ్లు తక్కువ. మొదటి వారాల్లో పోగొట్టుకుంటే మళ్లీ తెచ్చుకోవడం కష్టమయ్యేది ఆ చాపుడే.

మోకాలి కింద మెత్త పెడితే హాయిగా ఉంటుంది. వాచిన కీలు కాస్త వంగి ఉంటే లోపల ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి ఆ హాయి. బిడ్డలు ప్రేమతోనే పెడతారు. కానీ రోజుల తరబడి అట్లనే పడుకుంటే మోకాలి వెనక కండరాలు, కీలు చుట్టూ ఉన్న పొర బిగుసుకుంటాయి. పది డిగ్రీలు వంగి మిగిలినా ఆ కాలు పొట్టిదైనట్టు కుంటుతారు. తొడ కండరానికి పొద్దంతా విశ్రాంతి ఉండదు, పైగా నడుము నొప్పి తోడవుతుంది.

తువ్వాలను గట్టిగా చుట్టి మడమ కింద పెట్టండి, మోకాలి కింద ఖాళీగా ఉండాలి. పది నిమిషాలు, రోజుకు నాలుగైదుసార్లు. అట్లనే ఉండి మోకాలిని కిందికి నొక్కి, ఐదు లెక్కపెట్టి వదలాలి, పదిసార్లు. నులక మంచం నడుమ కుంగుతుంది, దాని మీద ఈ పని సాగదు. నొప్పి గోళీలు వేడి చేస్తాయని మానేసే అమ్మలే వ్యాయామమూ మానేస్తారు. డాక్టర్ రాసిన గోళీ వ్యాయామానికి అరగంట ముందు వేసుకుంటే రెండూ సాగుతాయి.

ఇక వంగుడు. కుర్చీలోంచి లేవడానికి 90 డిగ్రీలు దాటాలి. గొంతుక్కూర్చోవడానికి 130 పైన కావాలి. చాలామందికి 110, 120 దగ్గర ఆగుతుంది. ఆపరేషన్‌కు ముందే బిగుసుకుపోయిన మోకాలైతే ఇంకా తక్కువ. నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుమూ తుంటీ బిగుసుకున్న అవ్వలకు మోకాలొక్కటి మార్చినంత మాత్రాన నడక పూర్తిగా మారదు. ఆ మాట ముందే చెప్పాలి. చాలామందికి గొంతుక్కూర్చోవడం కుదరదు కాబట్టి ఆపరేషన్‌కు ముందే పాయిఖానా మీద పెట్టే కమోడ్ కుర్చీ కొని, గోడకు పట్టుకునే కడ్డీ బిగించాలి. బోళ్లు తోమే చోట చిన్న పీట తీసేసి ఎత్తు స్టూలు వేయాలి.

కుట్టు పక్కన బయటివైపు తిమ్మిరి, నెలల తరబడి వేడి, సాయంత్రపు వాపు మామూలే. కుట్టులోంచి రసి కారడం, జ్వరం, పిక్క వాచి నొప్పి లేవడం మామూలు కాదు, ఆ రోజే దవాఖానకు పోవాలి. ఉన్నట్టుండి ఆయాసమొస్తే క్షణం ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. పత్తి చేన్లో వట్టికాళ్లతో తిరిగే అలవాటుంటే మడమ పగుళ్లను వదిలేయొద్దు, షుగరున్నవాళ్లు మరీ. అక్కడ చీము పడితే ఆ క్రిములు రక్తం వెంట మోకాలికి పోవచ్చు.

చేతికర్ర ఆపరేషన్ కాలికి ఎదురు చేతిలో ఉండాలి. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో ఉచిత బస్సు వచ్చినంక ఆడవాళ్ల ప్రయాణాలు పెరిగాయి, పల్లెవెలుగు మెట్టు ఎత్తు మాత్రం తగ్గలేదు. రెండు వైపులా కడ్డీ పట్టుకుని ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. వెనక "జల్ది దిగమ్మా" అన్నా సరే, రెండో కాలు పక్కకొచ్చి ఆగినంకనే కడ్డీ వదలాలి.